స్పీచ్ థెరపిస్టు లేని వార్డులో మింగే పరీక్ష ఎలా?

ప్రశ్న: మాది జిల్లా కేంద్రంలో వంద పడకల ప్రైవేటు ఆసుపత్రి. నేను మెడికల్ వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి ఎముక విరిగినవాళ్లు, ఐసీయూ నుంచి వార్డుకు మార్చినవాళ్లు మా దగ్గర ఎక్కువ. చాలామంది డెబ్బై దాటినవాళ్లే. కోలుకుంటున్నారనుకునేసరికి నాలుగో రోజో ఐదో రోజో జ్వరం, ఆయాసం వచ్చి మళ్లీ ఐసీయూకు పోతున్నారు. ఎక్స్‌రే తీస్తే న్యుమోనియా. అన్నం పెట్టేటప్పుడు పొలమారుతోందని అటెండెంట్లు అంటూనే ఉన్నారు. మింగే ఇబ్బందులను కూడా చూసే స్పీచ్ థెరపిస్టు మాకు లేరు. డాక్టర్లు గొంతులో చెక్కపుల్ల ఆనించి, వాంతి వచ్చినట్టయితే నోటితో పెట్టమంటారు, లేకపోతే ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేయమంటారు. ట్యూబ్ ఉన్నా అటెండెంట్లు చాటుగా కాఫీ పట్టేస్తున్నారు. నర్సులమే పరీక్ష చేయొచ్చా? చిక్కబరిచే పొడి డబ్బా కొనలేనివాళ్లకు గంజి సరిపోతుందా? మాత్రలు నూరి ఇవ్వడం సరైనదేనా?

జవాబు: నర్సులు చేయొచ్చు. చాలా దేశాల్లో చేస్తున్నది వాళ్లే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లలో జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. దాదాపు సగం యూనిట్లలో నర్సులకు మూడు పనులు అప్పగించారు: జ్వరాన్ని, షుగర్‌ని కనిపెట్టి వెంటనే దించడం, నోటికి ఏదైనా ఇచ్చేముందు మింగే పరీక్ష చేయడం. మూడు నెలల తర్వాత చూస్తే చనిపోయినవాళ్లు, ఇతరులపై ఆధారపడి బతుకుతున్నవాళ్లు కలిపి ఆ యూనిట్లలో 42 శాతం, మిగతా వాటిలో 58 శాతం. మూడు పనులూ కలిపి చేశారు కాబట్టి ఇందులో మింగే పరీక్ష వాటా ఎంతో విడదీయలేం. అయినా మంచం పక్కన నర్సు క్రమం తప్పకుండా చేసిన పనితో వచ్చిన తేడా ఇది.

నర్సు చేసేది వడపోత పరీక్ష మాత్రమే. ఈ పూట నోటికి ఇవ్వొచ్చా, ఇస్తే ఏ చిక్కదనంలో ఇవ్వాలి అన్నంతవరకే. గుటక ఏ దశలో దెబ్బతింది, ఏ వ్యాయామం చేయించాలి అన్నది స్పీచ్ థెరపిస్టు తేల్చాల్సిన విషయం. ఈ గీత వార్డులో అందరికీ తెలిసి ఉండాలి.

ముందు ఆ చెక్కపుల్ల సంగతి. వాంతి వచ్చినట్టవడం వేరు, మింగడం వేరు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలోనూ చాలామందికి గొంతులో పుల్ల ఆనిస్తే ఏమీ అనిపించదు, అయినా వాళ్లు హాయిగా తింటారు. పుల్ల పెట్టగానే వాంతికి వచ్చిన పక్షవాతం రోగికి అరగంట తర్వాత మంచినీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కాబట్టి ఆ ఒక్క గుర్తు చూసి పెట్టమనీ అనకూడదు, వద్దనీ అనకూడదు. డాక్టర్లతో వాదనకు దిగనక్కర్లేదు. కేస్‌షీట్‌లో మీ పరీక్ష ఫలితం రాసి ఉంటే వాళ్లూ దాన్నే చూస్తారు.

దగ్గు రాలేదని ధైర్యపడటం ఇంకో పొరపాటు. పెద్దవాళ్లలో, పక్షవాతం వచ్చినవాళ్లలో, ఐసీయూలో గొట్టం వేసి తీసినవాళ్లలో గొంతు మొద్దుబారి ఉండొచ్చు. అప్పుడు నీళ్లు దారితప్పి శ్వాసనాళంలోకి జారినా దగ్గు రాదు. అలాంటివాళ్ల దగ్గర వేరే గుర్తులు పట్టుకోవాలి: గుటక తర్వాత గొంతు తడిగా, గురగురమంటూ మారడం, కళ్లలో నీళ్లు తిరగడం, తింటుండగా ఊపిరి వేగం పెరగడం, బుగ్గలో ముద్ద మిగిలిపోవడం, కారణం తెలియని సాయంత్రపు జ్వరం. వేలికి పెట్టిన ఆక్సిమీటర్ మీద ఆధారపడొద్దు. నీళ్లు దారి తప్పినా శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోకపోవడం మామూలే.

ఇక ఏ పరీక్ష ఎంచుకోవాలి? రెండు రకాలున్నాయి. ఒకటి 90 మిల్లీలీటర్ల నీళ్లు ఆగకుండా తాగించడం. మధ్యలో ఆపినా, తాగుతుండగా గానీ తాగిన నిమిషంలోపు గానీ దగ్గినా, గొంతు తడిగా మారినా తప్పినట్టే. సులువు, ఖర్చు లేదు, ప్రమాదంలో ఉన్నవాళ్లను బాగానే పట్టుకుంటుంది. కాకపోతే నిజానికి మింగగలిగేవాళ్లు కూడా కొందరు తప్పుతారు. తప్పినవాళ్లకు ఏం పెట్టాలో కూడా అది చెప్పదు. స్పీచ్ థెరపిస్టు ఉన్న చోట అది సరిపోతుంది. మీ వార్డులో అయితే తప్పినవాళ్లందరూ ట్యూబ్‌తో పడి ఉంటారు. అందుకే మీకు 'గస్' పరీక్ష మేలు. ఆస్ట్రియాలోని గుగ్గింగ్‌లో పక్షవాతం రోగుల కోసం తయారుచేసిన ఈ పరీక్ష 2007లో వచ్చింది. ఇది చిక్కటి పదార్థంతో మొదలై, తర్వాత నీళ్లకు, చివర గట్టి పదార్థానికి వెళుతుంది. ఏ మెట్టు దగ్గర ఆగారో చూస్తే ఏం పెట్టాలో తెలిసిపోతుంది.

చేసే పద్ధతి ఇదీ. నోరు తెరిచి టార్చ్ వేసి చూడండి. కట్టుడు పళ్లు వదులయ్యాయా, బుగ్గలో పొద్దుటి మాత్ర ఉందా, వక్కపలుకో పొగాకో దాచుకున్నారా? మన పెద్దవాళ్ల విషయంలో ఈ చివరిది తప్పకుండా చూడాలి. నోరు శుభ్రం చేసి, మంచంలో నిటారుగా కూర్చోబెట్టండి. పదిహేను నిమిషాలు మెలకువగా ఉండగలగాలి. గట్టిగా దగ్గమంటే, గొంతు సవరించుకోమంటే చేయగలగాలి. ఉమ్ము మింగమంటే మింగగలగాలి. చొంగ కారకూడదు. మింగాక 'ఆ' అనిపిస్తే గొంతు మారకూడదు. ఈ ఐదింటికీ ఒక్కో మార్కు. ఐదూ వస్తేనే ముందుకు. ఊపిరి వేగం నిమిషానికి 30 దాటినా, మగతగా ఉన్నా అసలు మొదలుపెట్టొద్దు.

రెండో మెట్టు చిక్కటి పదార్థం. పొడి కలిపిన నీళ్లయినా సరే, పైన తేరిన నీళ్లు వంపేసి గడ్డల్లేకుండా గిలక్కొట్టిన గట్టి పెరుగైనా సరే. మొదట అర టీ చెంచా లోపే. ఇబ్బంది లేకపోతే ఇంకో నాలుగైదు చెంచాలు. రెండు సెకన్లలోపు గుటక పడిందా, దగ్గు వచ్చిందా, చొంగ కారిందా, గొంతు మారిందా చూడాలి. దగ్గు కోసం పెట్టాక మూడు నిమిషాల వరకు కనిపెట్టుకుని ఉండాలి. హడావిడిలో ఎక్కువమంది వదిలేసేది ఈ మూడు నిమిషాలే. మూడో మెట్టు నీళ్లు: 3, 5, 10, 20 మిల్లీలీటర్లు, చివర 50. సిరంజితో కొలిచి కప్పులో పోయండి, సిరంజితో నేరుగా నోట్లో కొట్టొద్దు. నాలుగో మెట్టు చిన్న బ్రెడ్ ముక్క. దానికి పది సెకన్ల దాకా సమయం ఇవ్వొచ్చు. ఒక్కో మెట్టుకు ఐదు మార్కులు, మొత్తం 20. ఏ మెట్టులో ఐదు రాకపోయినా అక్కడే ఆపేయాలి.

ఇరవై వస్తే మామూలు భోజనమే, కానీ మొదటి భోజనం దగ్గర సిస్టర్ ఉండాలి. 15 నుంచి 19 అయితే మెత్తని ఆహారం, నీళ్లు ఒక్కో గుక్క నెమ్మదిగా. 10 నుంచి 14 అయితే మెత్తని గుజ్జు మాత్రమే, ద్రవాలన్నీ చిక్కబరచాలి, చాలనిది ట్యూబ్ ద్వారా ఇవ్వాలి. తొమ్మిది, అంతకన్నా తక్కువైతే నోటికి ఏమీ వద్దు.

ఈ ఫలితం ఆ పూటకే చెల్లుతుంది. వార్డుల్లో జరిగే పెద్ద తప్పు పరీక్ష చేయకపోవడం కన్నా, ఒకసారి చేసి వదిలేయడం. పొద్దున ఇరవై వచ్చిన మనిషికి రాత్రి నిద్రమాత్రో, కలవరింతకు హాలోపెరిడాల్ ఇంజెక్షనో ఇచ్చి, తెల్లారి మగతలో ఉండగానే ఇడ్లీ తినిపిస్తారు. బీపీ చార్టులాగా దీనికీ గడులు ఉండాలి. తప్పినవాళ్లకు రోజూ మళ్లీ చేయాలి. జ్వరం వచ్చినా, మత్తు మందు మార్చినా, ఐసీయూకు పోయి తిరిగొచ్చినా, కొత్తగా అయోమయం మొదలైనా మళ్లీ చేయాలి. ఐసీయూలో రెండు రోజులకు మించి గొట్టం ఉన్నవాళ్లకు, అది తీయగానే కాఫీ పట్టకుండా కొన్ని గంటలు ఆగి పరీక్ష చేయాలి. పక్షవాతం కాకపోయినా పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను, తుంటి ఆపరేషన్ అయిన వృద్ధులను, న్యుమోనియా మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లను కూడా జాబితాలో చేర్చండి. ఏ నరమూ దెబ్బతినకపోయినా, వారం పది రోజులు పస్తు, మంచం కలిస్తే పెద్దవాళ్లలో ఒంటి కండతో పాటు మింగే కండరాలూ సడలిపోతాయి. 'నోటికి ఏమీ వద్దు' అన్న ఆర్డర్‌ని రోజులు పొడిగిస్తే ఆ ఆర్డరే కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది. పక్షవాతం రోగి ఆసుపత్రికి వచ్చిన నాలుగు గంటల్లో పరీక్ష, తప్పితే 24 గంటల్లో ట్యూబ్ మీద నిర్ణయం అని గోడ మీద రాసిపెట్టండి.

క్యాజువాలిటీని మరిచిపోవద్దు. వార్డుకు రాకముందే, తల సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలగానే ఆస్పిరిన్ మాత్ర, గ్లాసు నీళ్లు అక్కడే ఇచ్చేస్తారు. రోగి నోట్లో పడే మొదటి వస్తువు చాలాసార్లు అదే. మింగే పరీక్ష మాత్రకూ వర్తిస్తుంది. తప్పినవాళ్లకు ఆస్పిరిన్‌ని ట్యూబ్‌లోంచి ఇవ్వాలి.

ఇప్పుడు తినిపించే తీరు. మన ఆసుపత్రుల్లో ఈ పని చేసేది కూతురో కోడలో మనవడో. వాళ్ల చేతి చెంచాను సరిచేస్తే న్యుమోనియాలు సగానికి సగం తగ్గుతాయని అంకె చెప్పలేం గానీ, మీ శ్రమలో సగం అక్కడ పెట్టడం మాత్రం న్యాయం.

మంచం తలవైపు లేపగానే రోగి కిందికి జారి, నడుము దగ్గర కాకుండా వీపు దగ్గర ఒంగిపోతాడు. చూడటానికి కూర్చున్నట్టే ఉంటుంది, పొట్ట మాత్రం నొక్కుకుపోయి ఉంటుంది. అందుకే ముందు ఇద్దరు పట్టుకుని రోగిని పైకి జరపాలి, పిరుదులు మంచం మడత దగ్గరికి రావాలి, తర్వాతే తలవైపు లేపాలి. మోకాళ్ల కింద దిండు, పడిపోయిన చేతి కింద దిండు. కుదిరితే కుర్చీలో కూర్చోబెట్టడం ఇంకా మంచిది. గడ్డం కొంచెం కిందికి ఉండాలి. ఇక్కడే అటెండెంట్ నిలబడి తినిపించడం దెబ్బ తీస్తుంది. నిలబడ్డ మనిషి మొహంలోకి చూడాలంటే రోగి తల పైకెత్తాలి. తల వెనక్కి వాలితే శ్వాసనాళం మూసుకోవడం కష్టమవుతుంది, నోట్లోది గుటక పడకముందే గొంతులోకి జారుతుంది. ప్రతి మంచం దగ్గర ఒక స్టూలు ఉండాలన్నది నిర్వాహకులను అడగాల్సిన మొదటి ఖర్చు.

చేతి ముద్ద వద్దు, ఎంత ప్రేమతో కలిపినా. మన ముద్ద నాలుగైదు చెంచాల పెట్టు. చిన్న స్టీలు టీ చెంచాలో సగం తీసుకుని, నాలుక మధ్యలో పెట్టి, కొద్దిగా కిందికి నొక్కి, పెదాలు మూశాక చెంచా తీయాలి. మెడ ముందు ఉండే గొంతుముడి పైకి లేచి దిగితేనే గుటక పడినట్టు. అది చూడకుండా రెండో చెంచా పెట్టకూడదు. నాలుగైదు చెంచాలకొకసారి ఉత్త గుటక ఒకటి వేయించి, 'ఆ' అనిపించాలి. మూతి వంకరపోయిన వైపు బుగ్గలో వేలితో బయటినుంచి తడిమి చూడాలి. అరగంటకు మించి సాగదీయొద్దు, ఆ పైన అలసటతోనే పొలమారుతుంది. ముద్ద దిగడం లేదని గ్లాసుడు నీళ్లు పట్టడం మనకు అలవాటు. ముద్ద అంచున ఆ నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కప్పు ఎత్తితే ముక్కుకు తగిలి తల వెనక్కి వాల్చాల్సి వస్తుంది కాబట్టి, పేపర్ కప్పుకు ముక్కు వచ్చే వైపు అర్ధచంద్రాకారంగా కత్తిరించి ఇవ్వండి. తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి, తర్వాత కూడా తలవైపు 30 డిగ్రీలకు తగ్గకూడదు. టీవీ, ఫోన్, పరామర్శలు ఆ అరగంట ఆగాలి.

పొలమారితే నెత్తిమీద తట్టడం, నీళ్లు పోయడం చేయొద్దని చెప్పండి. దగ్గగలిగితే ముందుకు ఒంచి దగ్గనివ్వాలి. మాట, ఊపిరి ఆగిపోతే వీపు మీద రెండు భుజాల మధ్య ఐదు దెబ్బలు, తర్వాత పొట్టపై ఐదు నొక్కులు, స్పృహ తప్పితే సీపీఆర్. ఉమ్ము, కఫం లాగే సక్షన్ యంత్రం పనిచేస్తోందో లేదో భోజనానికి ముందే చూసుకోవాలి.

గంజి సరిపోతుందా అని అడిగారు. కొందరికి, కొంత జాగ్రత్తతో. గంజి, రాగిజావ, మొక్కజొన్న పిండి ఏవైనా పిండిపదార్థంతో చిక్కబడినవే. లాలాజలంలో ఉండే ఎంజైమ్ పిండిని విరగ్గొట్టి పలుచన చేసేస్తుంది. నోట్లో పెట్టిన చెంచాను మళ్లీ గిన్నెలో ముంచితే కాసేపటికి గిన్నె మొత్తం నీళ్లవుతుంది. అందుకే ఒక పూటకు కావలసినది చిన్న గిన్నెలోకి కొంచెం కొంచెం వంపుకోవాలి. జావ ఇంకో రకంగానూ మోసం చేస్తుంది: పొయ్యి మీంచి దించినప్పుడు పలుచన, చల్లారితే గట్టి. తాగించే వేడిలోనే చిక్కదనం చూడాలి. కొలత మీ చేతిలోనే ఉంది. సున్నా నుంచి 10 మిల్లీలీటర్ల గీత వరకు 61.5 మిల్లీమీటర్ల పొడవున్న సిరంజి తీసుకోండి, కంపెనీని బట్టి పొడవు మారుతుంది కాబట్టి స్కేలుతో కొలవండి. ప్లంజర్ తీసేసి, కింద వేలు అడ్డుపెట్టి 10 వరకు నింపి, వేలు తీసి 10 సెకన్లు వదలండి. ఒక మిల్లీలీటరు లోపే మిగిలితే నీళ్లతో సమానం. 1 నుంచి 4 మిగిలితే కొద్దిపాటి చిక్కదనం, 4 నుంచి 8 అయితే ఓ మోస్తరు, 8 దాటితే బాగా చిక్కన. ఒక్క చుక్కా జారకపోతే అది గుజ్జు. అంతర్జాతీయంగా ఐడీడీఎస్ఐ కొలమానం అంటున్నది ఇదే. 0 నుంచి 7 వరకు మెట్లు ఉంటాయి.

కొనగలిగినవాళ్లకు జాంతన్ గమ్‌తో చేసిన పొడి మంచిది, లాలాజలానికి విరగదు. డబ్బా మీద రాసిన కొలతే వేయాలి, కలిపి చెప్పినంతసేపు ఆగాలి. డబ్బాను రోగి చేతికి అందే చోట పెట్టొద్దు. ఉత్త పొడి నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి ఊపిరి ఆడక ప్రాణం పోవచ్చు. మలబద్ధకానికి ఇచ్చే పాలిథిలిన్ గ్లైకాల్ పొడిని పిండితో చిక్కబరిచిన ద్రవంలో కలిపితే అది మళ్లీ నీళ్లవుతుంది. ఆ మందు ఇస్తుంటే పిండి రకం వాడొద్దు.

చిక్కటి ద్రవాలను అందరికీ అంటగట్టడం కూడా తప్పే. అవి న్యుమోనియాను తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పెద్దవాళ్లు వాటిని ఇష్టపడరు, తాగడం మానేస్తారు, నాలుక ఎండి, మూత్రం తగ్గి, అయోమయం మొదలవుతుంది. చిక్కటివి ఇస్తున్న ప్రతి రోగికీ ఎంత తాగారో, ఎంత మూత్రం పోశారో రాయాలి.

గట్టి ఆహారంలో మన వంటకు తగ్గ చిక్కులున్నాయి. చారన్నం, మజ్జిగన్నం, సాంబార్ ఇడ్లీ, బ్రెడ్ నానిన పాలు, వీటిల్లో ద్రవం ఒక దారిన, మెతుకు ఒక దారిన పోతాయి. మింగలేనివాళ్లకు ఇవే అన్నిటికన్నా కష్టం. ఉత్త ఇడ్లీ పొడిపొడిగా రాలుతుంది, చల్లారిన అన్నం ఉండ కడుతుంది. అన్నం ఇంకొంచెం నీళ్లు పోసి మెత్తగా వండి, వేడిమీదే చిక్కటి ముద్దపప్పు, నెయ్యి వేసి మెదిపి, జల్లెడలో రుద్దితే గుజ్జు తయారు. పెరుగన్నం కూడా ఇలాగే, గట్టి పెరుగుతో. పోపు వద్దు. ఆవాలు, కరివేపాకు, మిరప తొక్కు గొంతులో అతుక్కుని కూర్చుంటాయి. కొంచెం నమలగలిగేవాళ్లకు ముక్కలు 4 మిల్లీమీటర్లు మించకూడదు, మామూలు ఫోర్కు పళ్ల మధ్య సందు అంత. బాగా మగ్గిన అరటిపండు, గుడ్డు కస్టర్డ్ మంచివి. చూడటానికొచ్చిన చుట్టాలు తెచ్చే బొండాం నీళ్లు, కాళ్ల సూపు, గ్లూకోజ్ నీళ్లు అన్నీ పలుచనివే. ఐస్‌క్రీమ్, జెల్లీ నోట్లో కరిగి నీళ్లవుతాయి, వాటినీ నీళ్లకిందే లెక్కేయండి.

నోటి శుభ్రత గురించి మీరు అడగలేదు, అడిగినవాటన్నిటికన్నా అదే చవకైన మందు. ఊపిరితిత్తుల్లోకి పోయే ఉమ్ములో ఎన్ని క్రిములున్నాయన్నదాన్ని బట్టే న్యుమోనియా వస్తుందా రాదా అన్నది చాలావరకు ఉంటుంది. నోటితో ఏమీ తినని రోగి నోరు ఇంకా త్వరగా పాచిపోతుంది, పళ్లు తోమడం మొదట మానేసేదీ వాళ్లకే. రోజుకు రెండుసార్లు మెత్తని చిన్న బ్రష్, బఠాణీ గింజంత పేస్టు. పుక్కిలించలేనివాళ్లను పక్కకు తిప్పి, సక్షన్ పెట్టి లేదా పిండిన గాజుగుడ్డతో తుడవాలి. నాలుక, అంగిలి వదలొద్దు, అంగిలికి ఎండిన కఫం పొరలా అంటుకుని ఉంటుంది. తడిపి, మెత్తబడ్డాకే తీయాలి. కట్టుడు పళ్లు రాత్రి తీసి కడగాలి, తినేటప్పుడు పెట్టాలి.

ట్యూబ్ వేసినంత మాత్రాన న్యుమోనియా ఆగదు. ఉమ్ము దారి తప్పుతూనే ఉంటుంది, పాలు వెనక్కి ఎగదన్నవచ్చు. ట్యూబ్ సరైన చోట ఉందో లేదో గాలి కొట్టి స్టెతస్కోపుతో వినడం మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఊపిరితిత్తిలో ఉన్నా ఆ శబ్దం వినిపించవచ్చు. లోపలినుంచి లాగిన ద్రవం పీహెచ్ (ఆమ్లత కొలత) 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. పొట్టలో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ వాడేవాళ్లలో పీహెచ్ ఎక్కువ చూపించవచ్చు, అనుమానం ఉంటే ఎక్స్‌రే. ముక్కు దగ్గర గుర్తు ఏ అంకె మీద ఉందో ప్రతి ఫీడ్ ముందు చూడాలి. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు, ముందూ వెనుకా 30 మిల్లీలీటర్ల నీళ్లు, 200 మిల్లీలీటర్ల ఫీడ్‌కు కనీసం ఇరవై నిమిషాలు. సిరంజిని ఎత్తి పట్టి దానంతట దిగనివ్వాలి, ప్లంజర్‌తో తోయొద్దు. ట్యూబ్ ఉండగానే మింగే పరీక్ష చేయొచ్చు, దాన్ని పీకనక్కర్లేదు. రెండు మూడు రోజులు వరుసగా కావలసిన ఆహారంలో నాలుగింట మూడొంతులు నోటితో ఇబ్బంది లేకుండా వెళితే అప్పుడు తీసేయమని డాక్టర్‌ను అడగండి. నాలుగు వారాలు దాటేలా ఉంటే పొట్టకు వేసే పెగ్ ట్యూబ్ గురించి మాట్లాడాలి. మతిమరుపు జబ్బు ముదిరిన చివరి దశలో మాత్రం ట్యూబ్ ఆయుష్షు పెంచుతుందన్న ఆధారం లేదు. అక్కడ రోగికి హాయిగా ఉన్నంత వరకు, అడిగినంత, చెంచాతో పెట్టడమే సరైన దారి. ఈ మాట కుటుంబంతో డాక్టర్ కూర్చుని చెప్పాలి, కారిడార్‌లో నిలబడి కాదు.

చాటుగా కాఫీ పట్టేవాళ్లను తిడితే ఇంకా చాటుగా పడతారు. 'ఎన్‌పీఓ' (నోటికి ఏమీ వద్దు) అన్న బోర్డు వాళ్లకు అర్థం కాదు. మంచం తల దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి: 'నీళ్లు, కాఫీ వద్దు. చిక్కటి జావ అర చెంచా చొప్పున. కూర్చోబెట్టి మాత్రమే.' ఏమీ పెట్టకూడని రోగికైతే 'నోటికి ఏమీ వద్దు' అని రాసి, పక్కన ఎందుకో ఒక వాక్యం: 'నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి.' ఉమ్ము మింగగలిగే స్థితిలో ఉంటే, నోరు శుభ్రం చేశాక, కాఫీలో ముంచి బాగా పిండిన గాజుగుడ్డతో నాలుక మీద అద్దే పని సిస్టర్ ముందు అటెండెంట్‌కే అప్పగించండి. నాన్నకు కాఫీ రుచి చూపించామన్న తృప్తి దొరికితే గ్లాసు జోలికి పోరు. రాత్రి ఎవరు పెడతారో కనుక్కుని, ఆ మనిషి చేతే మీ కళ్లముందు మొదటి ఐదు చెంచాలు పెట్టించండి. పగటి అటెండెంట్‌కు నేర్పితే రాత్రి వచ్చేది ఇంకొకరు.

మాత్రల విషయానికొస్తే, నూరడం కన్నా ముందు ఫార్మసిస్టును అడగడం. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్ అని ఉన్నవి మందును మెల్లగా వదిలే రకం, వాటిని నూరితే పన్నెండు గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. పాంటాప్రజోల్ లాంటి పైపొర ఉన్నవి నూరితే పొట్ట ఆమ్లంలో పాడైపోతాయి. ఆస్పిరిన్‌లో నీళ్లలో కరిగే రకం అడగండి. మింగగలిగేవాళ్లకు మాత్రను పెరుగులో గానీ అరటి గుజ్జులో గానీ ఒక్కొక్కటిగా. సిరప్ అయితే సురక్షితం అనుకోవద్దు, అది కూడా పలుచటి ద్రవమే. ట్యూబ్‌లో ఒక్కో మందు విడిగా, మధ్యలో 10, 15 మిల్లీలీటర్ల నీళ్లు. మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ ఫీడ్‌తో కలిస్తే ఒంటికి పట్టదు, ముందూ తర్వాతా ఫీడ్ ఆపే వ్యవధి డాక్టర్‌తో రాయించుకోండి. పార్కిన్సన్స్ రోగికి లెవోడోపా ఇచ్చి అరగంట, ముప్పావుగంట తర్వాత భోజనం పెడితే మింగడం సులువవుతుంది. నోటికి ఏమీ వద్దన్న రోజున ఆ మందు ఆపేయడం మాత్రం ప్రమాదం, ట్యూబ్‌లో కొనసాగించాలి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి నెల పక్షవాతం రోగులు మాత్రమే, షిఫ్టుకు ఇద్దరు సిస్టర్లకు శిక్షణ, ఒక పేజీ ఫారం. స్పీచ్ థెరపిస్టును వారానికి ఒకసారైనా, కుదరకపోతే వీడియోలోనైనా పిలిపించుకోండి. భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి, మింగే చికిత్సలో అనుభవం ఉందా అని విడిగా అడగండి. ఆ శాఖలో అందరూ ఆ పని చేయరు. మీ ఊళ్లోని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ముక్కులోంచి చూసే సన్నని ఎండోస్కోపు ఉంటే, మంచం దగ్గరే రంగు కలిపిన పెరుగు మింగిస్తూ గొంతు చూసే 'ఫీస్' పరీక్ష చేయించొచ్చు. దగ్గు రాకుండా దారి తప్పేవాళ్లను తేల్చేది అదే, లేదా ఎక్స్‌రే గదిలో బేరియం మింగించి వీడియో తీసే పరీక్ష.

నెలాఖరున రెండే లెక్కలు చూడండి. పక్షవాతంతో వచ్చినవాళ్లలో ఎంతమందికి మొదటి మాత్ర, మొదటి గుక్క కన్నా ముందే పరీక్ష జరిగింది? చేరిన 48 గంటల తర్వాత ఎంతమందికి కొత్తగా న్యుమోనియా వచ్చింది? మొదటి లెక్క తక్కువగా ఉంటే అది ఏ షిఫ్టులో, ఏ గేటు దగ్గర జారిపోతోందో కేస్‌షీట్లు తిరగేస్తే తెలుస్తుంది. చాలాచోట్ల అది రాత్రి క్యాజువాలిటీనే. డిశ్చార్జ్ రోజున ఇచ్చే కాగితంలో మందుల కింద ఇంకో వరుస చేర్చండి: ఏ చిక్కదనం, ఎన్ని చెంచాలు, ఎలా కూర్చోబెట్టాలి, మళ్లీ ఏ తేదీన మింగే పరీక్షకు రావాలి.